బరంపురం నుంచి వచ్చిన అక్షరాలు

"దొంగ సాఫ్ట్‌వేరుతో దేవుడి మాటలు అచ్చేస్తున్నావు కదయ్యా" అన్నాడు ప్రెస్సులో పనిచేసే గాదిలింగప్ప. నవ్వుతూనే అన్నాడు. కానీ ఆ మాట పడ్డ దగ్గర్నుంచీ మౌలాలికి అన్నం సయించలేదు.

మౌలాలి ఆదోనిలో అదే ప్రెస్సులో పెళ్ళిపత్రికలు కంపోజ్ చేసేవాడు. పరుపులు కుట్టి బతికే హుసేన్ బాబాకి శిష్యుడు. గురువారం సాయంత్రాలు బాబా దగ్గర చేరినవాళ్ళు ఏదో ఒకటి అడిగేవాళ్ళు. ఆయన రెండు మూడు మాటల్లో జవాబు చెప్పేవారు. ఆ మాటలన్నీ మౌలాలి ఇంట్లో తన పాత కంప్యూటర్లో తెలుగులో కొట్టి, నెలకోసారి నాలుగు పేజీల పత్రికగా వేసి పంచేవాడు. నాలుగేళ్ళలో ఒక్క నెల తప్పలేదు. కాగితం, అచ్చు తప్ప ఇంకే ఖర్చూ లేకుండా నడుపుతున్నానని అతనికి లోలోపల కాస్త గర్వం కూడా ఉండేది.

తెలుగు కొట్టే సాఫ్ట్‌వేరు ఏదో కంప్యూటర్ పత్రికతో పాటు వచ్చిన సీడీలో దొరికింది. ముప్పై రోజులు వాడి చూసి, నచ్చితే డబ్బు పంపమనే రకం అది. పంపకపోయినా ఆగిపోదు. తెరిచిన ప్రతిసారీ ఒక చిన్న పెట్టె వచ్చి ఆ సంగతి గుర్తు చేస్తుంది, అంతే. మౌలాలి "తర్వాత" అన్న చోట నొక్కేసి పనిలో పడిపోయేవాడు.

మూడు రోజులు చూసి, నాలుగో రోజు బాబా ఇంటికి వెళ్ళాడు. బాబా వసారాలో కూర్చుని దబ్బనంతో పరుపు కుడుతున్నారు.

"బాబా, నేను దొంగనా?"

జరిగింది చెప్పాడు. అడగకుండానే తన వాదన కూడా చెప్పాడు. "దానికి తాళం లేదు బాబా. నేను వాడుకుంటే చేసినవాళ్ళ దగ్గర తరిగిపోయేదీ లేదు. వాళ్ళది వాళ్ళ దగ్గరే ఉంటుంది. నేను దాంతో సంపాదించుకున్నదీ లేదు. వేస్తున్నది మీ మాటలే కదా."

బాబా దారం లాగి ముడి వేశారు.

"ఆ పెట్టెలో ఏం రాసుంది?"

"డబ్బు పంపమని."

"అంతేనా?"

మౌలాలి ఆ పెట్టెని వెయ్యిసార్లైనా చూసుంటాడు. కింద ఇంకా రెండు మూడు వరసలుండాలి. అవేమిటో గుర్తు రాలేదు.

"వెళ్ళి కాగితం మీద రాసుకుని రా నాయనా. ఒక్క అక్షరం కూడా వదలొద్దు" అన్నారు బాబా.

మౌలాలి వెళ్ళి, రాసుకుని వచ్చాడు. బాబా చదవమన్నారు.

"ఈ అక్షరాలన్నీ నేనొక్కదాన్నే గీశాను. ముప్పై రోజులు వాడి చూడండి. పనికిరాకపోతే తీసేయండి, నేనేమీ అనుకోను. పనికొస్తే నాలుగు వందలు పంపండి. ఏ అక్షరమైనా సరిగ్గా పడకపోతే ఒక కార్డు ముక్క రాయండి, సరిచేస్తాను. బి. ద్రాక్షాయణి, బరంపురం."

చదువుతున్నకొద్దీ అతని గొంతు తగ్గిపోయింది. ఇన్నాళ్ళూ అదెవరో పెద్ద కంపెనీ వాళ్ళది అనుకున్నాడు.

బాబా ఆ కాగితం తీసుకుని, తిరగేసి, మళ్ళీ అతని చేతిలో పెట్టారు.

"ఇటువైపు ఖాళీగా ఉంది" అని దబ్బనం అందుకున్నారు.

మౌలాలి అక్కడే గోడకి ఆనుకుని కూర్చుని రాయడం మొదలుపెట్టాడు. పత్రిక సంగతి రాశాడు. ఆలూరు బస్సు డ్రైవరు ఒకాయన దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతాడని, ఒకావిడ జైల్లో ఉన్న తమ్ముడికి ప్రతి నెలా పంపుతుందని రాశాడు. "జ్ఞ" అన్న అక్షరం విరిగి పడుతోందని, అందుకని నెలనెలా రెండు వందల ప్రతుల్లోనూ కలంతో దిద్దుకుంటున్నానని రాశాడు. చెయ్యి ఎక్కడా ఆగలేదు.

"మీ సాఫ్ట్‌వేరు నాకు చాలా పనికొచ్చింది" అని రాశాక మాత్రం ఆగింది. ఆ వాక్యం కింద సంతకం పెట్టి ఉత్తరం ఒక్కటే ఎలా పంపాలో అతనికి తోచలేదు. బాబా వైపు చూశాడు. ఆయన తల ఎత్తలేదు.

సైకిలు టైర్లకని దాచుకున్న డబ్బు ఉంది. మర్నాడు పోస్టాఫీసుకి నడిచి వెళ్ళి మనియార్డరు కట్టి, ఉత్తరం డబ్బాలో వేశాడు.

మూడు వారాలకి బరంపురం నుంచి ఒక కవరు వచ్చింది. లోపల రెండు సీడీలు, ఒక ఉత్తరం. మౌలాలి దాన్ని బాబా దగ్గరే విప్పి చదివాడు.

"మీ ఉత్తరం మా వారికి రెండుసార్లు చదివి వినిపించాను. దీన్ని ఎవరూ వాడటం లేదేమో, ఈ ఏటితో మానేద్దామనుకున్నాను. జ్ఞ సంగతి ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. నా టైపు ఇన్‌స్టిట్యూట్ రెండు రోజులు మూసి కూర్చుని సరిచేశాను. ఇంకా ఏమైనా ఉంటే రాయండి, మానను. రెండో సీడీ మీకు తెలిసినవాళ్ళకి ఇవ్వండి. వాళ్ళూ వాడి చూస్తారు."

మౌలాలి ఉత్తరం మడిచాడు. వెన్ను నిటారుగా చేసుకుని కూర్చున్నాడు.

"ఎమ్మిగనూరులో మా బావ కొత్తగా డీటీపీ షాపు పెట్టాడు బాబా. ఈ రెండోది అతనికిస్తాను. కానీ ముందే ఒట్టు వేయించుకుంటాను. ముప్పై ఒకటో రోజుకి డబ్బు పంపకపోతే నేనే వెళ్ళి తీసేసి వస్తాను."

బాబా చేతిలో దూది సర్దుతూ నవ్వారు.

"నీకెన్ని రోజులు పట్టింది నాయనా?"