నేరేడు నడిచిన అక్షరాలు

"నేరేడూ... ఒసే నేరేడూ, నిన్నేనే."

భూషణం మాస్టారు మూడోసారి పిలిస్తే గానీ ఆ గేదె పెయ్య తల తిప్పలేదు. అప్పటిదాకా అది కిటికీలోంచి కందిచేను వైపు చూస్తోంది. పొద్దుటెండలో పూలన్నీ పచ్చగా వెలుగుతుంటే, చేను ఎవరికోసమో ముస్తాబై ఎదురుచూస్తున్నట్టు అనిపించింది దానికి. ఆ మాట మాస్టారితో చెప్పే ధైర్యం మాత్రం లేదు.

చేను గట్టున పాడుబడ్డ పంపుసెట్టు గదే వాళ్ళ బడి. భూషణం మాస్టారు నక్క. తోక నున్నగా దువ్వుకుని, ముక్కు మీద కళ్ళద్దాలు పెట్టుకుని వచ్చేవారు. బడి మొత్తానికి ఒకటే పుస్తకం, అదీ ఆయన చంకలోనే ఉండేది. ఆయన పాఠం చెప్పే తీరే వేరు. పుస్తకం తెరిచి రాగం తీసి పాడతారు, కుందేళ్ళూ కోడిపిల్లలూ మేకపిల్లలూ వెనకాలే అందుకుంటాయి. తోక ఒకసారి ఊపారంటే పేజీ తిరిగినట్టు, తర్వాతి పాఠం ఎత్తుకోవాలి. ఏడాది తిరిగేసరికి అక్కడి పిల్లలు పుస్తకం చూడకుండానే చదివేస్తారని చుట్టుపక్కల పెద్ద పేరొచ్చింది. చూస్తే చదవగలరా అని ఎవరికీ అడగాలనిపించలేదు.

నేరేడుకి ఆ పాట సగంలోనే చెయ్యి జారిపోయేది. పోనీ పుస్తకం చూసి చదవమని ఆ రోజు మాస్టారు పేజీ ముందు పెట్టారు. అది చాలాసేపు చూసింది.

"అక్షరాలు నిలబడటం లేదండీ. కాలవలో చేపపిల్లల్లా ఈదుతున్నాయి."

బడంతా నవ్వింది. చిగురు అనే మేకపిల్ల, వల తెమ్మంటావా అని అడిగింది. మాస్టారు మాత్రం నవ్వలేదు. ఆయన తోక ఒక్కసారి వణికింది, పుస్తకం టక్కున మూసేశారు. ఇలాంటి మాటలు ఇంకెప్పుడూ అనొద్దన్నారు. వచ్చే నెల ఇన్‌స్పెక్టరు కొంగ ధవళమ్మగారు వస్తున్నారనీ, ఆ రోజు నేరేడు బడి వెనక గడ్డివాములో దూరి చప్పుడు చెయ్యకుండా కూర్చోవాలనీ చెప్పారు. ఆ మర్నాడు హాజరుపట్టీలోంచి దాని పేరు కొట్టేస్తారట. మొద్దు జాతికి చదువెందుకులే అని, పోయినేడు ఒక గాడిదపిల్లనీ ఇలాగే సాగనంపారు.

నేరేడు తిన్నగా నీళ్ళతొట్టి దగ్గరికి పోయింది. అక్కడ లింగయ్య తాత ఉన్నాడు. ఆయన ఎద్దు, ఒకప్పుడు బండి లాగి, ఇప్పుడు పెరట్లో తీరిగ్గా నెమరు వేసుకుంటున్నవాడు.

"నీళ్ళు తాగుతున్నావా తల్లీ, తొట్టి నింపుతున్నావా?" అన్నాడు దాని కళ్ళు చూసి.

అది జరిగిందంతా చెప్పింది. తాత ఆ ఈదే అక్షరాల గురించి మళ్ళీ మళ్ళీ అడిగాడు. ఎటు ఈదుతాయి, పెద్దవీ ఈదుతాయా, చిన్నవేనా అని. అలా అడిగినవాళ్ళు అంతకుముందు ఎవరూ లేరు. అన్నీ విని, తనకి చదువు బడిలో రాలేదని చెప్పాడు. ఇరవయ్యేళ్ళు అదే రోడ్డు మీద బండి లాగుతూ, మైలురాళ్ళ మీద ఊళ్ళ పేర్లు చూసీ చూసీ నేర్చుకున్నాడట. ప్రతి రాయి దగ్గరా కాసేపు ఆగేవాడినని, బండి తోలేవాడు బద్ధకం అనుకుని తిట్టేవాడని చెప్పి నవ్వాడు.

"కొందరికి చెవి గుండా వస్తుంది, కొందరికి కంటి గుండా వస్తుంది. మనకి కాళ్ళ గుండా వస్తుందేమో చూద్దాం. రేపు పొద్దున్నే బీడులోకి రా."

మర్నాడు మంచు ఇంకా ఆరలేదు. తాత పాత నాగలి మెడకి తగిలించుకుని బీడు భూమిలో ఒక అక్షరం దున్నాడు. ఒక్కటే, అదీ పెద్ద చెరకుతోటంత. నేరేడు ఆ సాలులో నడిచింది. మట్టి చల్లగా ఉంది. ఒకచోట సాలు మెలిక తిరిగింది, అదీ తిరిగింది. పది సార్లు నడిచాక తాత కళ్ళు మూసుకుని నడవమన్నాడు. కళ్ళు మూసుకున్నా దారి తప్పలేదు. అక్షరం దాని కాళ్ళ కింద కదలకుండా పడుకుంది. తనకోసం ఆకాశం నేల మీదకి దిగి ఆగినట్టు అనిపించింది నేరేడుకి.

రోజుకో అక్షరం అయింది. దారినపోయే చిగురు ఆగి, ముసలాయనకి మతి పోయింది, సాలు వంకర టింకరగా పోతోంది అని ఆటపట్టించింది.

"వంకర కాదే పిల్లా, అది ఠ," అన్నాడు తాత.

చిగురు దాని వైపు చాలాసేపు చూసింది. పాటలో ఆ శబ్దం తనకి వచ్చు. అది ఎలా ఉంటుందో మాత్రం అప్పుడే చూడటం.

రాను రాను అక్షరాలు చిన్నవయ్యాయి. ముందు చెరకుతోటంత, తర్వాత కల్లమంత, తర్వాత చాటంత. చివరికి తాత కొమ్ముతో ఆకు మీద గీసిన అక్షరం చూసి, నేరేడు కాలి గిట్టతో మట్టిలో గీసుకుంటే చాలు, అది నిలబడేది. తొందర పెడితే మళ్ళీ ఈదేది. తాత ఎప్పుడూ తొందర పెట్టలేదు.

ఇన్‌స్పెక్టరు రావలసిన రోజు వచ్చింది. మాస్టారు తోకకి ఆముదం రాసుకుని మరీ వచ్చారు. నేరేడుని గడ్డివాములోకి పంపి, దగ్గొచ్చినా మింగమన్నారు. పుస్తకం కిటికీ గట్టున పెట్టి ఎదురెళ్ళారు. పొద్దు ఎక్కింది. పిల్లలకి ఆకలేసింది. చిగురుకి ఇంకా ఎక్కువ వేసింది. పుస్తకంలోంచి బయటికి వచ్చి గాలికి ఊగుతున్న కాగితం ఒకటి దానికి లేత తమలపాకులా కనిపించింది. నమిలేసింది.

ధవళమ్మగారు వచ్చి, ఒక కాలు పైకి ముడుచుకుని నిలబడి, పుస్తకం తనే పట్టుకుని పిల్లల్ని చదవమన్నారు. మాస్టారి తోక ఊగింది, పిల్లలు మొదటి పాఠం గుక్క తిప్పుకోకుండా చెప్పేశాయి. రెండోదీ చెప్పాయి. ఆవిడ ముఖం విప్పారింది. మూడోసారి తోక ఊగింది, పిల్లలు వాన పాఠం ఎత్తుకున్నాయి. ఉరుముల దాకా వచ్చాక ఆవిడ ఆపారు.

"ఇక్కడ గుమ్మడికాయ బొమ్మ ఉంది. వాన ఎక్కడ కురుస్తోంది?"

చిగురు చిన్నగా త్రేన్చింది. అయితే మీరే చదివి వినిపించండి అని ఆవిడ పుస్తకం మాస్టారి ముందు పెట్టారు. ఆయన కళ్ళద్దాలు తేవడం మర్చిపోయానన్నారు.

"మీ ముక్కు మీదే ఉన్నాయండీ," అంది చిగురు, సాయం చేస్తున్నాననుకుని.

గడ్డివాములో నేరేడుకి ఇదంతా వినిపిస్తోంది. బయటికి వస్తే తిట్లు ఖాయం. రాకపోయినా రేపు పేరు కొట్టేస్తారు. లేచింది. నెత్తిన గడ్డితో, తలుపు దగ్గర నిలబడింది.

"నేను చదువుతానండీ. కాస్త ఆలస్యమవుతుంది. కింద గీసుకుంటూ చదవాలి."

"నేను ఒంటికాలి మీద పొద్దుగూకేదాకా నిలబడగలనమ్మా. తీరిగ్గా చదువు," అన్నారు ధవళమ్మగారు.

నేరేడు గిట్టతో నేల మీద గీస్తూ మొదలుపెట్టింది. ఒక మాట తప్పింది, వెనక్కి వచ్చి మళ్ళీ గీసింది. ఒకచోట ఎంతసేపు ఆగిందంటే కోడిపిల్లలు ఆవులించాయి. అయినా పూర్తిచేసింది. "గుమ్మడి తీగ పాకింది. కప్పు ఎక్కింది. కాయ కాసింది." అంతే ఉంది ఆ పేజీలో. బయట నిలబడి వింటున్న లింగయ్య తాత నెమరు వెయ్యడం ఆపేశాడు.

మాస్టారు వెంటనే తేరుకున్నారు. ఇది తన ప్రత్యేక శిక్షణ అనీ, కావాలనే చివరికి దాచి ఉంచాననీ చెప్పారు. ఆ దాచడం గడ్డివాములో ఎందుకని ధవళమ్మగారు అడగలేదు. రిజిస్టరు తెప్పించి ఒక వాక్యం రాసి, చదివి సంతకం పెట్టమని ఆయనకి ఇచ్చారు.

మాస్టారు ఆ వాక్యం వైపు చూశారు. ఆయన కళ్ళు ఇటు పరిగెత్తాయి, అటు పరిగెత్తాయి, ఏదో జారిపోతుంటే పట్టుకోబోతున్నట్టు. ఆ పరుగు నేరేడు ఎక్కడో చూసింది. నీళ్ళతొట్టిలో, తన ముఖంలోనే చూసింది.

అది నెమ్మదిగా ఆయన పక్కకి వెళ్ళి, ఇంకెవరికీ వినపడనంత మెల్లగా, గీసుకుంటూ చదివి పెట్టింది.

"చదువు రానివాళ్ళంటూ లేరు, తమకి వచ్చే దారిలో చెప్పేవాళ్ళు దొరకనివాళ్ళే ఉన్నారు."

తర్వాత కాస్త జరిగి, నేల మీద చోటిచ్చింది. "ఇక్కడ కాలు పెట్టి గీయండి మాస్టారూ. కదలదు."

భూషణం మాస్టారు కళ్ళద్దాలు తీసేశారు. బడి అంతా చూస్తోందని తెలిసీ, అందరికీ వినపడేలాగే అన్నారు.

"నాకూ ఈదుతాయే నేరేడూ. పుట్టిన దగ్గర్నుంచీ ఈదుతూనే ఉన్నాయి. ఆ పుస్తకంలో ఒక్క ముక్క కూడా నేను చదివింది కాదు, మా అమ్మ పాడగా విన్నదే."