చాపని చెయ్యి

పైడితల్లికి తనకిచ్చిన వేషం నచ్చలేదు. ఆ మాట పైకి అంటే ఏమవుతుందో కూడా ఆ పిల్లకి తెలుసు.

పార్వతీపురంలోని ఆ ఇంగ్లీషు మీడియం బడిలో ఆమె తల్లి ఆయా. అందుకని పైడితల్లికి తొమ్మిదో తరగతిలో ఉచితంగా సీటిచ్చారు. కరస్పాండెంటు గారికి కోపం వచ్చిన రోజున ఆ సీటు ఉండదు.

ఆ ఏడాది బడిలో చరిత్ర దినం పెట్టారు. ఇంగ్లండును ట్యూడర్ రాజులు ఏలిన కాలంలో జనం ఎలా బతికారో పిల్లలు చేసి చూసి నేర్చుకోవాలట. బయట ఎండ నిప్పులు కురుస్తుంటే వాళ్లకి వెల్వెట్ కోట్లు తొడిగి, మెడచుట్టూ కాగితం కుచ్చులు కట్టారు. ఎవరింట్లోదో పాత కవ్వం తెచ్చి, ట్యూడర్ల కవ్వమని చీటీ అంటించారు. ఆ ఇంటి అమ్మమ్మ చిలికినన్నాళ్లూ దాని మొహం చూసినవాళ్లు లేరు. చీటీ పడగానే ఫొటోలు తీసుకున్నారు.

అన్నిటికీ చివర ఒక చిన్న నాటకం. రాజుగారి బిడ్డని గురువు కొట్టకూడదు కాబట్టి, యువరాజు పాఠం తప్పు చెబితే పక్కనున్న కుర్రాడు దెబ్బ తినేవాడని ఆ కాలం గురించి ఒక కథ చెప్పుకుంటారు. నిజమో కాదో తెలీదు గానీ నాటకానికి బాగుందనుకున్నారు. ఎనిమిదో హెన్రీ కొడుకైన ఆ యువరాజు వేషం కరస్పాండెంటు గారబ్బాయి ప్రణీల్‌ది. దెబ్బలు తినే వేషం పైడితల్లిది.

"ఆయా కూతురే కదా, ఏమీ అనుకోదులే" అన్నారట కరస్పాండెంటు గారు.

ఆ మాట చెవినపడి పైడితల్లికి ఒళ్లు మండిపోయింది. ఇంటికెళ్లి తల్లితో చెప్పింది.

"ఊరుకోయే. ఉత్తుత్తి దెబ్బలే గదా, ఏటవుతాది?" అంది తల్లి, మొహం అటు తిప్పుకుని.

మర్నాడు బడి వదిలాక పిల్ల నేరుగా స్టాఫ్‌రూముకి వెళ్లింది. చరిత్ర చెప్పే సన్యాసిరావు మాస్టారు ఒక్కరే కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుతున్నారు. నాటకంలో గురువు వేషం ఆయనదే. బెత్తం బల్ల మీదే ఉంది.

"మాస్టారూ, ఆ కుర్రోడు ఏ తప్పూ చెయ్యలేదు గదా. మరెందుకు చెయ్యి చాపేడు?"

మాస్టారు దిద్దుతున్న పేపరు పక్కన పెట్టారు. లేచి బెత్తం అందుకున్నారు.

"చెయ్యి చాపు."

పైడితల్లి చాపింది.

"ఏం తప్పు చేశావు?"

"ఏం చెయ్యలేదు మాస్టారూ."

ఆయన బెత్తం బల్ల మీద పెట్టేసి, మళ్లీ పేపర్లు ముందుకి లాక్కున్నారు. పైడితల్లి ఇంకా చాపే ఉన్న తన చేతి వంక చూసుకుంది. జీవితంలో మొదటిసారి ఆ పిల్లకి తన చేతి మీద తనకే కోపం వచ్చింది.

మర్నాడు నాటకం. హాలంతా తల్లిదండ్రులు. ముందు వరసలో కరస్పాండెంటు గారు. వెనక గోడ దగ్గర మంచినీళ్ల పళ్లెం పట్టుకుని పైడితల్లి తల్లి.

"యువరాజా, ఎనిమిదో హెన్రీకి భార్యలెందరు?" అనడిగారు మాస్టారు. తండ్రి పెళ్లిళ్ల లెక్క కొడుకునే అడగడమేమిటని నాటకం రాసినవాళ్లకి తోచినట్టు లేదు.

ఆరుగురని ప్రణీల్‌కి బాగానే తెలుసు. పైడితల్లి వైపు చూసి కన్నుకొట్టి, "ఎనిమిదిమంది" అన్నాడు. హాలు గొల్లుమంది.

"చెయ్యి చాపు" అన్నారు మాస్టారు.

పైడితల్లి రెండు చేతులూ వెనక్కి కట్టుకుంది.

అదీ నాటకంలోదే అనుకుని జనం ఇంకా నవ్వారు.

"చెయ్యి చాపు."

"చాపను" అంది. "తప్పు చెప్పింది నేను కాదు."

నవ్వులు ఆగిపోయాయి. కరస్పాండెంటు గారు లేచి నిలబడ్డారు.

"ఏమిటీ వేషాలు? చెయ్యి చాపమనండి మాస్టారూ! లేదంటే రేపట్నించి బళ్లోకి అడుగు పెట్టొద్దనండి!"

పైడితల్లి తన తల్లి వంక చూసింది. చాపెయ్యమని సైగ చేస్తుందనుకుంది. తల్లి వంగి నీళ్ల పళ్లెం నేల మీద పెట్టింది. లేచి, తను కూడా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది.

సన్యాసిరావు మాస్టారు వేదిక దిగారు. తొందరేమీ లేకుండా ముందు వరసకి నడిచి వెళ్లి, బెత్తం కరస్పాండెంటు గారి చేతిలో పెట్టారు.

"నిన్నటిదాకా ఎవరడిగినా చాపేదండీ" అన్నారు. "ఇప్పుడు చదువొచ్చింది. ఇక మీరు అడిగి చూడండి."