ఏనుగు తుమ్మూ, తాబేలు దిద్దుబాటూ

అనగనగా ఒక అడవిలో, పిల్లలూ, ఎండాకాలం వచ్చిందంటే వాగు మొత్తం ఎండిపోయేది. ఇసుకలో తవ్విన ఒక్క చెలమ మాత్రం మిగిలేది. చెలమంటే మోకాలి లోతు గుంట, అంతే. ఒకరు తాగితే అడుగు కనిపించేది. మళ్ళీ నీళ్ళు ఊరేదాకా రెండోవాళ్ళు ఆగాలి. ఆగకుండా తోసుకున్నారో, ఇసుక జారి గుంట పూడిపోతుంది. అప్పుడు అందరికీ బురదే.

దాహంతో ఉన్నవాళ్ళని ఆగమంటే ఆగుతారా? అందుకే ఆ అడవికి గుండన్న కావాల్సి వచ్చాడు.

గుండన్న ఒక ఎలుగుబంటి. రోజూ పొద్దున్నే చెలమ పక్కనున్న బండ ఎక్కి నవ్వు కథలు చెప్పేవాడు. వరసలో నిలబడ్డ జంతువులు పొట్ట పట్టుకుని నవ్వేవి. నవ్వులు ఆగేసరికి చెలమలో నీళ్ళు ఊరేవి, ఇంకొకరు వెళ్ళి తాగేవారు. గుండన్న పుణ్యమా అని కుందేలు పిల్లలు కూడా అడవిపందుల మధ్య భయం లేకుండా నిలబడేవి.

అన్నిట్లోకీ ఏనుగు తుమ్ము కథంటే అందరికీ ప్రాణం. ఏనుగులు ఎండలు ముదరకముందే పెద్ద నదికి వెళ్ళిపోయేవి. కాబట్టి వాటి మీద ఏం చెప్పినా అడిగే దిక్కులేదు.

“ఏనుగుకి జలుబు చేసిందండోయ్!” అనేవాడు గుండన్న. “ఒక్క తుమ్ము తుమ్మింది. ఇప్పచెట్టు మీద నిద్రపోతున్న కోతి గాల్లోకి లేచి, తిన్నగా వెళ్ళి అవతలి కొండమీద అత్తగారింటి వాకిట్లో పడింది. అత్తగారు చేట పక్కన పెట్టి, ‘కబురైనా లేకుండా వచ్చేశావేం అల్లుడూ! ఇంట్లో కూరాకు కూడా లేదు’ అంది!”

ఆ అత్తగారిలా నడుం మీద చెయ్యేసుకుని మూతి తిప్పేవాడు చూడండి, అడవంతా గొల్లున నవ్వేది.

ఒకరోజు ఆ నవ్వులు ఇంకా ఆగకముందే కొంగ మెడ చాచింది.

“గుండన్నా, చిన్న తప్పు దొర్లింది. ఏనుగు తొండం కిందికి దించి తుమ్ముతుంది. గాలి నేలకి కొడుతుంది. కోతి పైకెలా లేస్తుంది?”

“అయితే ఆవేళ పడుకుని తుమ్మిందిలే కొంగమ్మా!” అన్నాడు గుండన్న. అందరూ మళ్ళీ నవ్వారు.

మర్నాడు ఉడుత లేచింది. “మొన్న మద్దిచెట్టు అన్నావు, ఇవాళ ఇప్పచెట్టు అంటున్నావు. ఏది నిజం?”

“నోటికి ఏది వస్తే అది!” అని గుండన్న నవ్వాడు. కానీ ఆ నవ్వులో పస లేదు.

మూడో రోజు నిదానయ్య వంతు వచ్చింది. నిదానయ్య తాబేలు. అందరికంటే ముందొచ్చి బండ కిందే కూర్చునేవాడు. ఎంత మంచి కథకైనా ఒక్కసారీ నవ్వేవాడు కాదు. ఆవేళ తల బయటపెట్టి, గొంతు సవరించుకున్నాడు.

“అవతలి కొండమీద కోతుల్లేవు. ఉన్నవన్నీ కొండముచ్చులే. మరి అక్కడ కోతికి అత్తగారెలా వచ్చింది? ఇంకోటి. ఇంత ఎండల్లో ఏనుగుకి జలుబేమిటి?”

ఆ పూట గుండన్న తేనెపట్టు కూడా ముట్టలేదు. వందమంది నవ్విన నవ్వు ఒక్కటీ గుర్తులేదు. ముగ్గురన్న మాటలే చెవిలో గుయ్యిమంటున్నాయి. నవ్వించేవాళ్ళ బతుకు అంతే పిల్లలూ. మనం నవ్వి వెళ్ళిపోతాం. పుల్లవిరుపు మాట మాత్రం పాపం వాళ్ళ దగ్గరే ఉండిపోతుంది.

మర్నాడు తప్పు రాకూడదని భయపడుతూ మొదలుపెట్టాడు. “ఏనుగుకి, అంటే వానాకాలంలోలెండి, జలుబు చేసింది. మద్దో ఇప్పో, ఏదో ఒక చెట్టు...” అంటూ నీళ్ళు నమిలాడు. ఎవరూ నవ్వలేదు. గుండన్నకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“తప్పుల్లేని కథలు వచ్చినవాళ్ళే చెప్పుకోండి!” అని బండ దిగి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాతి రోజు కథ లేదు. వరస కాసేపు నిలబడింది. “ఎంతసేపని నిలబడమంటారు?” అంటూ అడవిపంది ముందుకి తోసింది. దాని వెనక ఇంకోటి తోసింది. ఇసుక జర్రున జారి చెలమ పూడిపోయింది. మళ్ళీ తవ్వేసరికి పొద్దువాలింది. కుందేలు పిల్లలు ఎండిన నాలుకలతోనే ఇంటికి వెళ్ళాయి.

ఆ సంగతి తెలిసి గుండన్న మనసు ఆగలేదు. కానీ పౌరుషం ఉందిగా! మర్నాడు వచ్చి ఒక పొద చాటున నక్కాడు. ఎలుగుబంటి పొద చాటున నక్కితే సగం బయటే ఉంటుంది. అయినా అందరూ చూడనట్టే ఊరుకున్నారు.

అడవిపందులు మళ్ళీ గొణుగుతున్నాయి. అప్పుడు నిదానయ్య బండ ఎక్కడం మొదలుపెట్టాడు. ఎక్కేలోపు ఒకరు తాగడం కూడా అయింది.

“గుండన్న కథలు నూట పన్నెండు. అన్నీ నాకు వచ్చు. నేను చెప్తాను,” అన్నాడు.

పొదలో గుండన్న ఉలిక్కిపడ్డాడు. తను నూట పన్నెండు కథలు చెప్పినట్టు తనకే తెలియదు!

“ఒక ఏనుగు,” మొదలుపెట్టాడు నిదానయ్య. “వయసు ముప్పై ఆరు. వానాకాలంలో దానికి జలుబు చేసింది. ఇప్పచెట్టుకి కింది నుంచి మూడో కొమ్మ మీద ఒక కొండముచ్చు ఉంది. ఏనుగు తొండం దించి తుమ్మింది. కొండముచ్చు కదల్లేదు. తుమ్ముకి కొండముచ్చు కదలదు కాబట్టి. అంతే కథ.”

ఒక్కరూ నవ్వలేదు. అడవిపంది కాలు దువ్వింది. చెలమ అంచున ఇసుక కొంచెం జారింది. కుందేలు తన పిల్లల్ని పొట్ట కిందికి లాక్కుంది.

గుండన్న ఊరుకుంటే ఊరుకోవచ్చు. పంతం నెగ్గేది కూడా. కానీ ఆ పిల్లలు ఇవాళ కూడా దాహంతోనే ఇంటికి వెళ్ళాలా? దానికి తోడు, ఆ కథని అలా చంపుతుంటే ఎలా వినడం?

“తప్పు!” అని పొదలోంచి అరిచాడు. “ఎలా కదలదు మావా? అవతల అత్తగారు కూరాకు తెప్పించి కూర్చుంటే!”

నిదానయ్య అటు తిరిగాడు. “ఏ అత్తగారు? దానికి పెళ్ళే కాలేదు.”

“ఏనుగుకి ముప్పై ఆరేళ్ళని తెలుసు గానీ, పక్కనున్న కొండముచ్చుకి పెళ్ళయిందో లేదో కనుక్కోలేదా?”

“కనుక్కున్నాను. సంబంధాలు చూస్తున్నారు.”

అంతే, అడవి అడవంతా విరగబడి నవ్వింది. అడవిపంది దొర్లి దొర్లి నవ్వుతూ తన వంతు సంగతే మర్చిపోయింది. ఈలోగా చెలమ నిండింది. కుందేలు పిల్లలు కడుపునిండా తాగాయి.

అందరూ వెళ్ళాక గుండన్న బండ దగ్గరికి వచ్చాడు. “మావా, నువ్వు కథ తప్పు చెప్తుంటే నాకు ఒళ్ళు మండిపోయింది.”

“నాకూ రోజూ అంతే,” అన్నాడు నిదానయ్య. “విని విని ఆ కథలు నావే అనిపిస్తాయి. ఆగలేక ఆ రోజు అనేశాను. నవ్వుల మధ్యలో, నలుగురి ముందూ అనకుండా ఉండాల్సింది. నీకంత నొప్పి తగులుతుందని తెలియలేదు గుండన్నా.”

“మరి ఒక్కసారైనా నవ్వవేం?”

“ఇంటికి వెళ్తూ నవ్వుతాను, డిప్పలోకి తల దూర్చుకుని. నా నడకకి దారి చాలా పొడుగు. నీ కథలే తోడు.”

గుండన్న రెండు చేతులతో నిదానయ్యని ఎత్తి బండ మీద తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. “రేపటి నుంచి తప్పులు పట్టేది ఇక్కణ్ణుంచి,” అన్నాడు.

నీతి: తప్పు చెప్పాలనుకుంటే ఎదుటివాడి మనసు నొప్పించకుండా చెప్పాలి. మన తప్పు చెప్పినవాడిని కోపగించుకునే ముందు, వాడు మన మాట ఎంత ఇష్టంగా విన్నాడో కూడా చూడాలి.