పాదాల రేవు

ఒకానొక ఏటి ఒడ్డున ఒక రాజధాని ఉండేది. ఇప్పుడక్కడ జొన్నచేలున్నాయి. ఆ రోజుల్లో ఏటి వెంట నడుస్తుంటే ఒకవైపు తెరచాపలు, మరోవైపు అద్దకంవాళ్ళు ఆరేసిన చీరలు కనిపించేవట. ఆ నడకంతా చివరికి పాదాల రేవు దగ్గర ఆగేది. మా తాత చెబుతుంటే చూడని ఆ ఊరి మీద నాకు బెంగ కలిగేది.

ఊళ్ళో ఏ బిడ్డకు ఏడాది నిండినా, తల్లి ఆ రేవుకు తెచ్చి, పసుపు పూసిన పాదాన్ని మెట్టు మీద అద్దేది. రాతిపనివాడు ఆ గుర్తు వెంట ఉలితో చెక్కేవాడు.

రాజు విజయగండ భూపతికి పద్దెనిమిది బిరుదులు. రేవుకు పద్దెనిమిది మెట్లు. ఈ సంగతి ఆయనకు తోచడమే ఊరికి గ్రహచారమైంది.

"పాత రాళ్ళు పీకించి పాలరాయి పరిపించండి. మెట్టుకొక బిరుదు చెక్కించండి," అన్నాడు.

సభలో అందరూ భేష్ అన్నారు. విదూషకుడు తిప్పనకు మాత్రం గుండెలో రాయి పడింది. ఆయన కూతురు గౌరి ఆరేళ్ళకే మశూచితో పోయింది. ఏడో మెట్టు మీది పాదం తప్ప ఆ పిల్ల గుర్తు ఇంకేదీ మిగల్లేదు. రోజూ పొద్దున్నే వెళ్ళి దాన్ని కడిగి వచ్చేవాడు. ఆ మాట చెప్పుకుని ఏడిస్తే ఈ రాజు దగ్గర పని జరగదని ఆయనకు తెలుసు.

"ఏలినవారి ఆలోచన బాగుంది," అన్నాడు తిప్పన. "దీనికి కూలీలెందుకు? ఎవరి పాదం ఉన్న రాయిని వాళ్ళే పెకలించి మోసుకుపోవాలని చాటింపు వేయిస్తే సరి."

"అలాగే కానీ. ఎంతటివాడికైనా మినహాయింపు లేదు," అన్నాడు రాజు.

మర్నాడు రాజు వేడుక చూడబోయాడు. రేవు ఆచారం ప్రకారం పాదరక్షలు గట్టు మీదే విడిచాడు. జనం గునపాలు పట్టుకుని నిలబడ్డారే గానీ ఒక్క రాయీ కదల్లేదు.

"ఎందుకీ ఆలస్యం?" అని గద్దించాడు.

పడవ నడిపే ముసలి సూరమ్మ ముందుకొచ్చింది. "పైమెట్టు తీస్తేగానీ కిందివి కదలవు మారాజా. పైమెట్టు మీద కాలున్నాయన ఇంకా రాలేదు."

"ఎవడు వాడు?"

"పేరు చెక్కలేదు ప్రభూ," అన్నాడు తిప్పన. "ఎడమపాదం. చిటికెనవేలు పక్కవేలి మీదికెక్కి ఉంది. అలాంటి కాలున్నవాణ్ణి వెతకాలి."

రాజు వంగి రాయిని చూశాడు. తర్వాత తన కాలు చూసుకున్నాడు.

"మీ అమ్మగారు పల్లకీ ఎక్కకుండా, ఊరి ఆడవాళ్ళతోపాటు నడిచి మిమ్మల్ని తెచ్చారు. మీరు గుక్కపట్టి ఏడుస్తుంటే ఆవిడ నవ్వుతూ ఈ పాదం అద్దారు. నేను పక్కనే ఉన్నాను," అంటూ తిప్పన వినయంగా గునపం అందించాడు. "చాటింపుకు మినహాయింపు లేదు కదా, ప్రభూ."

రాజు గునపం పుచ్చుకోలేదు. ఆ చిన్న గుర్తు మీద తన పాదం ఆనించాడు. సగం కూడా పట్టలేదు. అమ్మను తలుచుకుని ఎన్నాళ్ళయిందోనని ఆయనకు సిగ్గేసింది. కాసేపటికి కళ్ళు తుడుచుకుంటూనే పగలబడి నవ్వాడు.

"నా బిరుదులన్నీ కలిసినా ఈ రాయి లేపలేవు తిప్పనా. రేవును ఇలాగే ఉండనివ్వండి."

తన మెడలోని హారం తీసి తిప్పన మెడలో వేశాడు. "ఇంతకీ నీ రాయి ఏది?"

తిప్పన ఏడో మెట్టు చూపించాడు. "మా గౌరిది ప్రభూ. ఇప్పుడు లేదు."

రాజు నీళ్ళ దగ్గరికి దిగుతూ ఏడో మెట్టు మీద ఆగి, పంచె కొంచెం ఎత్తిపట్టుకుని, ఆ పాదాన్ని తొక్కకుండా పక్కగా అడుగు వేశాడు.