పోయిన చెట్ల నీడలు

అనగనగా, మీ తాతల తాతకు కూడా ఇంకా పేరు పెట్టని కాలంలో, కంకణవరమనే రాజ్యం ఉండేది. దానికి పడమట పెద్ద అడవి, అడవిలో ఒక వాగు.

ఆ రాజ్యంలో ఒక మంచి ఆచారం ఉండేది. ఏటా ఉగాది నాడు పంచాంగం చదవగానే కోటగుమ్మం ముందు అడవి పత్రం చదివేవారు. అందులో రెండు తాటాకులు. అడవిలో ఏమున్నాయో మొదటి ఆకు చెబుతుంది, ఏం పోయాయో రెండో ఆకు చెబుతుంది. రాజు మొదలు కట్టెలమ్మేవాడి దాకా అందరూ నిలబడి వినేవారు. ఆ ఏడు ఎన్ని చెట్లు కొట్టవచ్చో, ఎన్ని నాటాలో దాన్నిబట్టే తేల్చుకునేవారు.

చదివే పని పోలాంబది. ఆమెది కంచు గొంతు. ఆమె చదివిందంటే జనం ఇక మారు మాట్లాడరు, నమ్మేస్తారు. భర్త గురవయ్య మేకలు కాసేవాడు. పిల్లలు లేరు, ఒకరికొకరే లోకం.

ఒక ఏడు రాజుగారి కొత్త మేడకని, కుమ్మరి కుండలు కాల్చే ఆవానికని సగం అడవి కొట్టేశారు. ఉగాది నాడు వనాధికారి దండపాణి పోలాంబను పక్కకు పిలిచాడు.

"పండగ పూట పోయింది, పోయింది అని చదువుతావా? అశుభం కాదూ! రెండో ఆకు వదిలెయ్. మొదటిది నిరుటిదే చదివెయ్."

బియ్యం అయిపోతే నిండుకున్నాయనే జాతి కదా మనది! అశుభమంటే పోలాంబకూ జంకే. నిరుటి ఆకే చదివింది. జనం ఉగాది పచ్చడి తిని సంతోషంగా ఇళ్ళకు పోయారు.

వారం తిరక్కముందే, చెట్లు కొట్టేసిన బయల్లో నీడలు కనబడ్డాయి. మిట్టమధ్యాహ్నం నేలమీద కొమ్మలు ఊగుతున్నాయి, ఆకులు కదులుతున్నాయి. పైకి చూస్తే ఉత్త ఆకాశం.

"చూశారా, అడవి ఎక్కడికీ పోలేదు!" అన్నాడు దండపాణి. ఆ నీడలో నిలబడ్డవాళ్ళకు మాత్రం అరికాళ్ళు బొబ్బలెక్కాయి.

రెండో ఉగాదికీ అదే ఆకు. ఈసారి నీడల మీదుగా చిలకల అరుపులు వినబడ్డాయి. రోజంతా ఒకటే గోల. కానీ ఒక్క ఈక రాలలేదు, కొరికిన పండు ఒక్కటీ పడలేదు. ఇదంతా తను చదివిన ఆకు వల్లేనని పోలాంబకు అనిపించింది. అయినా నాకెందుకొచ్చిన గొడవ అనుకుంది. ఆమె చేసిన తప్పు అదే, నేను దాచను.

మూడో ఉగాదికి వాగు ఎండిపోయింది. ఆకులో మాత్రం వాగు నిండుగా పారుతోందని ఉంది. పోలాంబ చదివింది. మర్నాటి నుంచి నీడల లోపల నీళ్ళు గలగలమన్నాయి.

ఎండలు ముదిరాయి. బావులు అడుగంటాయి. దాహానికి ఆగలేక ఆరుగురు కుండలు పట్టుకుని నీడల్లోకి వెళ్ళారు, తిరిగి రాలేదు. వాళ్ళ మాటలు మాత్రం వినబడుతూనే ఉన్నాయి.

"ఇదిగో, వాగు వచ్చేసింది. ఇంకొక్క అడుగు!"

పొద్దున అదే మాట. సాయంత్రమూ అదే మాట.

ఏడోవాడు గురవయ్య. పోలాంబ ఇంట లేనప్పుడు మేకల్ని తోలుకుని పోయాడు. ఆమె రాగానే పొరుగింటి సీతెమ్మ చెప్పింది. "ఎంత చెప్పినా వినలేదమ్మా. వాగు పారుతోందని మా ఆవిడే చదివిందిగా, అంటూ పోయాడు."

పోలాంబ దండపాణి దగ్గరికి పరుగెత్తింది.

"అయ్యగారూ, నిజం చాటించండి! నా మనిషి లోపలున్నాడు."

"చాటిస్తే జనం ఎవర్ని కొడతారనుకున్నావ్? అబద్ధం పలికింది నీ గొంతు. నోరు మూసుకుని ఇంటికి పో."

ఆమె ఇంటికి పోలేదు. నీడల అంచున నిలబడి కేకేసింది. "ఏమయ్యా! వెనక్కి రా! వాగు లేదు!"

"వచ్చేశానే పోలీ, ఇంకొక్క అడుగు." గురవయ్య గొంతు అప్పటికే నీరసించి ఉంది.

పోలాంబ లోపలికి అడుగేసింది. కాలికి నరికిన మొద్దు తగిలింది. అక్కడ నిజమైనది అదొక్కటే. వంగి దాన్ని తడిమి, ఉగాది నాటి గొంతుతో చదివింది.

"ఇది మద్దిచెట్టు. పోయింది. ఉందని అబద్ధం చదివింది నేను."

ఆ చెట్టు నీడ చెరిగిపోయింది. అంతమేరా ఎండ పడింది.

"ఇది ఇప్పచెట్టు. పోయింది."

ఇంకో నీడ చెరిగింది. ఊరంతా పోగైంది. ఎవడో రాయెత్తాడు. కుమ్మరి భద్రయ్య వాడి చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగరా. ఆ ఇప్పను నా ఆవానికి కొట్టింది నేనే."

భద్రయ్య వంగి తరవాతి మొద్దును తడిమాడు. అతని వెనక మరొకరు. చివరికి రాజు కూడా కిరీటం తీసి వచ్చి, ఒక మొద్దు మీద చెయ్యి పెట్టాడు.

"ఈ టేకు నా మేడ తలుపుల్లో ఉంది. పోయింది."

పొద్దు వాలేసరికి ఆఖరి నీడ చెరిగింది. గలగల ఆగింది. చూస్తే కోటకు కేకవేటు దూరంలోనే ఏడుగురూ ఉన్నారు, పక్కనే మేకలూ ఉన్నాయి. ఆరుగురు ఎండిన వాగు ఇసుకలో అక్కడికక్కడే అడుగులు వేస్తున్నారు. గురవయ్య మాత్రం, లేని చెట్టుకు చేరగిలబడ్డవాడల్లా, నీడ పోగానే వెల్లకిలా పడ్డాడు.

పోలాంబ అతని తల ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. "వాగు లేదయ్యా. లేదని నాకు తెలుసు."

రాజు దండపాణిని కొలువు నుంచి తీసేశాడు. పోయినవాటి ఆకే ముందు చదవాలన్నాడు. చదివింది నిజమో కాదో ఎవరైనా అడవికి వెళ్ళి చూసుకోవచ్చన్నాడు. ఆ వానాకాలం ప్రతి మొద్దు పక్కనా ఒక మొక్క నాటారు.

మిగతా ఆరుగురితో పాటు గురవయ్యా బతికాడు. పోలాంబను ఒక్క మాటా అనలేదు. కానీ ఆ తరవాత, కుండలో అన్నం ఉందయ్యా అని ఆమె చెప్పినా, మూత తీసి చూశాకే పీట వాల్చుకునేవాడు.

పాలించేవారు పోయినదాన్ని పోయిందని నలుగురిలో చెప్పినప్పుడే, ఉన్నదానిమీద జనానికి నమ్మకం నిలుస్తుంది.