షరతు అడగని చిలుక

అనగనగా, తాటిచెట్లు ఇంకా మోకాలెత్తున ఉన్న రోజుల్లో, ఒక రాజు ఉండేవాడర్రా. ఆయన కోట ఎంత పెద్దదంటే, వాకిట్లో వాన కురుస్తుంటే పెరట్లో ఎండ కాసేది. అదీ చాలక కప్పుకి బంగారు రేకు తొడిగించాలని, ఏడు సముద్రాల అవతలి కరాళజంఘుడనే మాంత్రికుడి దగ్గర అప్పు తెచ్చాడు. వడ్డీ ఏమిటని మాత్రం అడగలేదు.

ఆ వడ్డీ నిద్ర! కప్పు మెరిసింది గానీ రాజు రెప్ప వాలలేదు. కళ్లు గుమ్మడికాయలంత అయ్యాయి. అమావాస్యలోగా కునుకు పట్టకపోతే ప్రాణం దక్కదన్నారు వైద్యులు.

మాంత్రికుణ్ణి వెతుక్కుంటూ పెద్దకొడుకు వెళ్లాడు, రాలేదు. నడిపివాడు వెళ్లాడు, రాలేదు. ఇక కడగొట్టువాడు సునందుడు బయల్దేరాడు. అన్నలకిచ్చినట్టే తల్లి మూడు మూటలిచ్చింది.

"అటుకులు నువ్వు తినడానికి. పేలాలు పదిమందికి పెట్టడానికి. ఈ వడ్లు విత్తనానికి. పేగులు మాడినా వీటిని నోట పెట్టుకోకు నాయనా! మీ అన్నలు మొదటి సముద్రం దాటకముందే అన్నీ మెక్కేసి ఉంటారు."

సునందుడు ఏడు సముద్రాలూ దాటాడు. ఆ దీవిలో పట్టపగలే చీకటి. గాలి లేదు, కానీ ఎవరో ఊపిరి పీలుస్తున్న చప్పుడు. దారికి అటూ ఇటూ రాతిమనుషులు, చాచిన చేతులతో. వాళ్ల కళ్లు మాత్రం రాయి కాలేదు. అవి అతని వెంటే తిరుగుతున్నాయి. అన్నలిద్దరూ అక్కడే ఉన్నారు. పెద్దన్న రాతిచెంప మీద కన్నీటిచుక్క ఇంకా వెచ్చగా ఉంది. పక్కనే, సగం జడ అల్లుకున్న ఒక రాతిపిల్ల.

"అయ్యా, ఆకలి!" అంది కాళ్ల దగ్గర ఒక చీమ. పేలాలు పెట్టాడు. చీమ గబగబా తినేసి, "ఇక్కడ ఒకటే కట్టుబాటు బాబూ. షరతు అడక్కుండా పుచ్చుకున్నవాడు ఇచ్చినవాడి సొత్తు. వీళ్లంతా అలా మాంత్రికుడి తిండి తిని రాయైనవాళ్లే" అంది.

"మరి నువ్వు అడగలేదే?"

"చచ్చాను! ఇక నీదాన్నేగా, రహస్యం దాచలేను. మాంత్రికుడి ప్రాణం వాడి పంజరంలోని చిలుకలో ఉంది. వాడు లాక్కున్న నిద్రలన్నీ మింగేదీ అదే."

అంతలో నేల అదిరింది. కరాళజంఘుడు! వాడి మీసానికి ఏడు ఓడలు కట్టేయొచ్చు. నోరు తెరిస్తే గబ్బిలాలు ఎగిరాయి. ఒక చేతిలో పంజరం, ఇంకో చేతిలో పులిహోర.

"అల్లుడూ, తిను తిను!"

అటుకులు ఎప్పుడో అయిపోయాయి. సునందుడి పేగులు ఏడ్చాయి. "షరతేమిటి మామా?"

"మొహమాటమెందుకు, తిను!"

"షరతేమిటి?"

"ఒక్క ముద్దే!"

"షరతు?"

మాంత్రికుడు పళ్లు కొరికాడు. "నీ నిద్ర."

"అయితే వద్దు."

"ఎన్నాళ్లు వద్దంటావో చూస్తా. ఆకలి నాకు పాత చుట్టం" అంటూ వాడు దారికి అడ్డంగా కూర్చున్నాడు.

కళ్లు తిరిగి, సునందుడు మూడో మూట విప్పాడు. వడ్లు గుప్పున వాసనేశాయి. పిడికిలి నోటిదాకా వెళ్లింది. తల్లి మాట గుర్తొచ్చి ఆగిపోయింది. ఆ వాసనకి చిలుక మెడ చాచింది. పుట్టినప్పటి నుంచీ ముత్యాలూ నిద్రలూ మాత్రమే మింగింది పాపం, వడ్లగింజ మొహమే చూడలేదు.

"ఒక్కటి పెట్టవా అన్నయ్యా?"

"వద్దే!" అని మాంత్రికుడు అరిచేలోపే సునందుడు గింజ అందించాడు. చిలుక కటుక్కున కొరికేసింది.

"షరతు అడగలేదే చిలకమ్మా! ఇక నువ్వు నాదానివి. మింగిన నిద్రలన్నీ కక్కు!"

చిలుక నోటి నుంచి నిద్రలు బూరుగు దూదిలా తేలిపోయాయి. "నా ప్రాణం!" అంటూ చెయ్యి చాచిన మాంత్రికుడు చాచినట్టే రాయైపోయాడు. రాతిమనుషులు ఒళ్లు విరుచుకుని లేచారు. ఏడు సముద్రాల ఇవతల రాజు గురక మొదలెట్టాడు. ఆయన లోపలికి పీల్చిన ఊపుకే అందరి ఓడలూ సర్రున ఇంటికొచ్చాయి!

జడ సగం అల్లుకున్న పిల్ల పేరు కువలయ. సునందుడు సిగ్గుపడుతూ, "నన్ను పెళ్లాడతావా?" అన్నాడు.

"షరతులేమిటి?"

"తినేది తిందాం, పెట్టేది పెడదాం, విత్తనం దాచుకుందాం."

"గురక పెట్టకూడదు మరి."

"అదొక్కటీ మా వంశంలో కుదరదు!"

అయినా పెళ్లి జరిగింది. బంగారు రేకు ఊడదీసి ఊరందరికీ విత్తనాలు కొన్నారు. వాళ్లు వెయ్యేళ్లు ఏలారు, రోజూ హాయిగా పడుకున్నారు. మీరూ కళ్లు మూయండర్రా, ఈ నిద్రకి వడ్డీ లేదు.