అంచు కుట్టినందుకు కూలి

ఏకాంబరం గారికి ఒక అలవాటు ఉండేది. శిష్యులు ప్రశ్న అడిగితే ఆయన జవాబు చెప్పేవారు కాదు, ఏదో ఒక పని చెప్పేవారు. నరసరావుపేటలో చాలాకాలం తత్త్వాలు పాడి, నలుగురికీ నేర్పిన మనిషి. కూతురితో వియన్నా నగరం చేరాక కూడా శనివారం పొద్దున తంబూర అందుకుంటే ఇద్దరు ముగ్గురు వచ్చి కూర్చునేవారు. వారిలో యలమంద ఒకడు.

యలమంద ఆ నగరంలో ఒక వృద్ధాశ్రమంలో నర్సు. వచ్చి ఏడాది దాటింది. కొట్లో ఏ ధర చూసినా మనసులో రూపాయల్లోకి మార్చుకునేవాడు, మార్చుకోగానే చాచిన చెయ్యి వెనక్కి వచ్చేసేది. టమాటాలు కొనడు. బయట కాఫీ తాగడు. క్షవరానికి అడిగే డబ్బు విని, జుట్టు మెడ మీదికి పెరిగినా ఊరుకున్నాడు. జీతంలో సగం అద్దెకే పోయేది. భార్య మల్లీశ్వరి, నాలుగేళ్ల కూతురు నరసరావుపేటలోనే ఉన్నారు. వీసా ఇంకా రాలేదని వాళ్లకు చెబుతూ వస్తున్నాడు గాని, నిజానికి అతడు దరఖాస్తే పెట్టలేదు.

ఒక శనివారం మిగతావాళ్లు లేచి వెళ్లాక, యలమంద గురువు గారి ముందు కదలకుండా కూర్చున్నాడు.

“గురువుగారూ, నా జీతం ఎంతో మా వీధిలో చెబితే నన్ను ధనవంతుణ్ణంటారు. ఇక్కడ కొట్లో నిలబడితే పేదవాణ్ణి. ఒక్క నోటికే ఇంత కటకటగా ఉంటే మూడు నోళ్లకు ఎట్లా చాలుతుంది? ఇది పెద్ద జీతమా, చిన్న జీతమా?”

ఏకాంబరం గారు లోపలికి వెళ్లి ఒక కొత్త ఉన్ని ప్యాంటు తెచ్చి అతని ఒళ్లో పెట్టారు. “మా అల్లుడు కొన్నాడు. కాళ్లు జానెడు పొడుగెక్కువ. వీధి చివర కుట్టుకొట్టుంది. అంచు మడిచి కుట్టమని ఇచ్చిరా నాయనా” అని చేతిలో డబ్బు కూడా పెట్టారు.

అడిగిందేమిటి, ఈయన చెప్పేదేమిటి అనుకుంటూనే యలమంద వెళ్లాడు.

కొట్టునిండా బట్టలు గుట్టలుగా పడి ఉన్నాయి. వాటి మధ్య అరవై ఏళ్ల ఆవిడ, మెడలో టేపు వేసుకుని, కుట్టుమిషను మీద వంగి ఉంది. పేరు హెర్మీనా. ప్యాంటు అటూ ఇటూ తిప్పి చూసి రెండు వారాలు పడుతుందంది, కూలి ఎంతో చెప్పింది. అది ప్యాంటు ధరలో సగానికి పైనే. యలమంద వెంటనే రూపాయల్లోకి మార్చుకున్నాడు. ఆ డబ్బు రావాలంటే ఊళ్లో కుట్టుపని చేసే మల్లీశ్వరి నాలుగు లైనింగు జాకెట్లు కుట్టాలి.

“అంచుకేనా ఇంత? మా ఆవిడైతే పది నిమిషాల్లో కుట్టేస్తుంది!” వచ్చీరాని జర్మన్‌లో అనేశాడు.

ఆవిడకు కోపం రాలేదు. “మీరేం పని చేస్తారు?” అని అడిగింది. చెప్పాడు. ఆవిడ కళ్లద్దాలు తీసి నవ్వింది.

“మా అమ్మ అలాంటి చోటే ఉంటోంది. ఆమెకు స్నానం చేయించి, తినిపించే మనిషికి ఎంత కట్టాలో విన్నప్పుడల్లా నేనూ మీలాగే కేకేస్తాను.”

ప్రతి పొద్దునా యలమంద చేసే పని అదే. దాని ధర విని గుండె పట్టుకునేవాళ్లు ఈ ఊళ్లో ఉంటారని అతనికి ఎన్నడూ తోచలేదు.

“ఇంతకీ, పది నిమిషాల్లో కుట్టే మీ ఆవిడ ఎక్కడ?”

“ఇండియాలో.”

“ఎందుకు?”

వీసా అని చెప్పబోయాడు. ఇంటికి అన్నిసార్లు చెప్పిన అబద్ధం, ఆ పరాయి మనిషి ముందు పెదవి దాటలేదు. ఖర్చుకు భయపడి తీసుకురాలేదన్నాడు. తర్వాత, ఎందుకో అతనికే తెలియదు, ఫోను తీసి మల్లీశ్వరి కుట్టిన పెళ్లి జాకెట్టు ఫోటో చూపించాడు. హెర్మీనా దాన్ని పెద్దది చేసి, చేతుల దగ్గర, మెడ దగ్గర కుట్టును చాలాసేపు చూసింది. ఆపైన తలుపు మీద అంటించిన కాగితం వైపు వేలు చూపింది. కుట్టు వచ్చినవాళ్లు కావాలని రాసి ఉంది. ఎండకు అక్షరాలు వెలిసిపోయాయి.

“వసంతకాలం నుంచి ఉందది. ఒక్కరూ రాలేదు. ఆవిడ వచ్చాక తీసుకురండి. పని చూసి మాట్లాడుకుందాం.”

యలమంద ప్యాంటు అక్కడ ఇచ్చేసి బయటికొచ్చి ట్రాము స్టాపులో బల్ల మీద కూలబడి ఇంటికి ఫోన్ చేశాడు.

“వీసా ఆలస్యం కాలేదు మల్లీ. నేనే అడగలేదు. జీతం చాలదని భయపడ్డా.”

అవతల మల్లీశ్వరి మిషను చప్పుడు ఆగింది.

“అంతేనా? ఇంకేం లేదుగా?”

“ఇంకేముంటది?”

“ఏమో! అక్కడ ఇంకో మనిషుందేమోనని కుమిలి కుమిలి చచ్చానయ్యా. ఈ పాడు భయం ముందే చెబితే ఏం పోయింది నీకు?” తిడుతూనే ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది. అతడు కొట్టు సంగతంతా చెప్పాక ముక్కు తుడుచుకుని, “నా మిషను మోసుకు రావాల్నా, వాళ్లదే ఇస్తారా?” అని అడిగింది. యలమంద గుండెల మీంచి బండ దింపినట్టయింది. ఎదురుగా రెండు ట్రాములు వచ్చి వెళ్లిపోయినా లేవలేదు.

గురువు గారింటికి తిరిగి వచ్చి, జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పి, చివరికి ఉండబట్టలేక అడిగాడు.

“ఆ తలుపు మీద కాగితం సంగతి మీకు ముందే తెలుసా గురువుగారూ?”

“నాకు జర్మన్ రాదు నాయనా” అన్నారు ఏకాంబరం గారు. “నీ ఇంట్లో నోళ్లెన్నో నువ్వు లెక్కపెట్టడం విన్నాను. చేతులు లెక్కపెట్టడమే వినలేదు.”